అవ్వ అరచేతికి అందిన వీధి

వారం పాటు పులిసిన మట్టికి ఒక వాసన ఉంటుంది. ఎర్రమన్నులో వరిపొట్టు, ఆవుపేడ, కాసిన్ని బెల్లం నీళ్ళు కలిపి తొట్టిలో నానబెడితే, కొంత పశువుల కొట్టాన్ని, కొంత కల్లుకుండను గుర్తుచేసే ఆ వాసన పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. ఆత్మకూరు బస్సు డిపో వెనక నేను అద్దెకు తీసుకున్న షెడ్డుకు వచ్చేవాళ్ళు ముందు ముక్కు మూసుకుని, ఆ తర్వాత నా పని గురించి అడుగుతారు. నేను మట్టితో గోడలు చేస్తాను, చేత్తో తడిమి చూసే గోడలు. కొందరు దాన్ని కళ అంటారు, కొందరు డిజైన్ అంటారు, ఆహ్వాన పత్రికల్లో పర్యావరణం అనే మాట కూడా చేరుస్తారు. నాకు తెలిసి అది మా అమ్మ ఒక ముసలామె కోసం చేసిన అలుకుడు పని, అంతే.

ఆ ముసలామె మా నాయన తల్లి. సోమశిల ప్రాజెక్టు నీళ్ళలో పాత ఊరు మునిగిపోయాక ఆత్మకూరు పక్కన మాకు కాలనీ కట్టి ఇచ్చారు. నేను చంకలో ఉండగా వచ్చాం కాబట్టి పాత ఊరు నాకు గుర్తులేదు గానీ, అవ్వ చెప్పి చెప్పి దాన్ని నా కళ్ళకు కట్టింది. అక్కడ ఒకరింటి ముందు మిట్ట ఉండేదట, ఇంకొకరింటి ముందు పల్లం, ఒకచోట గొర్రెల దొడ్డి వాసన, ఒకచోట నిమ్మచెట్టు నీడ చల్లన. కాలనీలో అవేమీ లేవు. గీత గీసినట్టు వీధి, అటూ ఇటూ ఒకే అరుగు, ఒకే తలుపు, ఒకే ఎత్తు గడప. నాకు ఊహ తెలిసేసరికి అవ్వకు చూపు పూర్తిగా పోయింది.

చూపు పోయినా ఆమెకు పని ఉండేది. పురిటి బిడ్డలకు నీళ్ళు పోసేది. కాళ్ళు చాపుకుని, బిడ్డను వాటిమీద బోర్లా వేసుకుని, వెచ్చని ఆముదం రాసి, వీపు నిమిరి, ముక్కు తీర్చి, నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టి పడుకోబెడితే ఆ బిడ్డ పొద్దుగూకేదాకా లేచేది కాదు. వీధిలో ఏ ఇంట్లో కాన్పయినా కబురు ఆమెకే వచ్చేది.

ఒక మధ్యాహ్నం అలా నీళ్ళు పోసి వస్తూ అవ్వ పక్కింట్లోకి నడిచింది. అది దీనమ్మత్త ఇల్లు. తన ఇల్లే అనుకుని చాప మీద కూర్చుని, కడవ కోసం చెయ్యి చాపితే తగల్లేదు.

"నా కడవ ఎవురు జరిపినారు? గుడ్డిదాన్నని ఆటలాడతా ఉండారా?"

"అవ్వా, ఇది మా ఇల్లు. మా కడవ ఉండే చోటే ఉండాది" అంది దీనమ్మత్త, నవ్వాపుకోలేక.

సాయంత్రానికి వీధంతా నవ్వింది. అవ్వ నవ్వలేదు. మరునాటి నుంచి అరుగు దిగలేదు. నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళమని అమ్మ చెబితే, "నేనేమన్నా పెళ్ళికూతుర్నా, చెయ్యి పట్టుకోని నడిపించేదానికి?" అని కసిరింది. బిడ్డల తల్లులు వచ్చి బతిమాలితే కీళ్ళ నొప్పులంది. కూర్చున్నచోటే ఆమె వేళ్ళు ఒకదాన్నొకటి నిమురుకుంటూ ఉండేవి.

అమ్మ పుట్టిల్లు ఉదయగిరి కొండ కింద. అక్కడ చెక్కగరిటెలు చేసే ఇళ్ళ ముందు రాలిన చెక్కపొట్టును, వెళ్ళినప్పుడల్లా గోతంలో కట్టుకుని వచ్చేది, బస్సులో జనం నవ్వినా సరే. ఆ పొట్టు మట్టిలో తొక్కి, మా వాకిలి పక్క గోడకు, అవ్వ అరచెయ్యి ఆనే ఎత్తులో, జానెడు మేర గరుగ్గా మెత్తింది. అందులో చింతగింజలు గుచ్చింది. అవ్వను తీసుకొచ్చి ఒక్కసారి తడిమించింది. మర్నాడు పొద్దున్నే అవ్వ అరుగు దిగింది.

తన గోడకూ అలా మెత్తమని ముందుగా వచ్చి అడిగింది దీనమ్మత్తే, ఆమెకు ఒళ్ళో బిడ్డ ఉంది మరి. ఆమె గోడకు నత్తగుల్లలు. గొర్రెలున్న ఇంటికి ఉన్ని కలిపిన మట్టి, కుండలు చేసే ఇంటికి పెంకులు, ఇంకొకరికి ఉత్త వేలి గీతలు. వీధి పొడవునా గోడలన్నీ అవ్వకు తెలిసిపోయాయి. వానాకాలంలో కరిగినవాటిని క్రిస్మస్‌కు ముందు కొన్ని ఇళ్ళవాళ్ళు, ఉగాదికి ముందు కొన్ని ఇళ్ళవాళ్ళు తిరిగి మెత్తుకునేవాళ్ళు. అరిసెల పాకం, కొత్త సున్నం, పులిసిన మట్టి వాసనలు కలగలిసి వచ్చే ఆ రోజుల్లో పిల్లలమంతా కళ్ళకు గంతలు కట్టుకుని గోడలు తడుముతూ ఇళ్ళ పేర్లు చెప్పే ఆట ఆడేవాళ్ళం. ఓడినవాళ్ళు తమ కజ్జికాయ ఇచ్చుకోవాలి. అవ్వ అరుగు మీద నుంచే తీర్పు చెప్పేది.

తర్వాత సిమెంటు వచ్చింది. మొదట దీనమ్మత్త గోడ నున్నగా అయింది. "ఏం ఫరవాలేదు, నున్నంగా తగిల్తే దీనమ్మ ఇల్లు" అని అవ్వ సర్దుకుంది. ఆ తర్వాత గొర్రెలవాళ్ళది, కుండలవాళ్ళది. ఎవరినీ తప్పుపట్టలేం, వానకు కరిగే గోడ ఎవరికి ముద్దు? చివరికి గరుకుగా మా ఒక్క గోడే మిగిలింది. ఇంక నీకు ఇల్లు తప్పే భయమే లేదని నాయన అన్నాడు.

"నా ఇల్లు తెలస్తాది లేరా. వాళ్ళిళ్ళే పోయినాయి" అంది అవ్వ.

ఆ తర్వాత బిడ్డల్ని మా ఇంటికే తెచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకు తేవడం మానేశారు. అవ్వ పోయాక మా గోడకూ సిమెంటు పూశారు.

ఈ ఏడాది నా పనిలో భాగంగా రెండు బకెట్ల మట్టితో ఆ వీధికి వెళ్ళాను. ఒక్కో ఇంటి గోడ మీద జానెడు చోటు అడిగాను. కొందరు ఒప్పుకున్నారు, కొందరు రంగు పాడవుతుందన్నారు. దీనమ్మత్త ఒక్కతే అరుగు మీద కూర్చుని ఉంది. కళ్ళు బాగా మసకేశాయి, నన్ను గొంతు వినే గుర్తుపట్టింది. బకెట్‌లో వేలు ముంచి వాసన చూసి, "మీ అమ్మ మట్టే" అంది. నేను ఆమె వాకిలి పక్కన చోటు చూసుకుని మట్టి తీయబోతే చెయ్యి పట్టుకుంది.

"మా ఇంటికెందుకమ్మే? నా ఇల్లు నాకు తెలుసు. ఎదురిళ్ళకు పెట్టు. పోవాలంటే నాకు తెలియాల గదా."

వెనక్కి తిరిగి చూశాను. ఎదురిళ్ళన్నిటికీ అరుగు నుంచి కిటికీ దాకా టైల్సు వేసి ఉన్నాయి, ఎండకు మెరుస్తున్నాయి. టైల్సు మీద మట్టి నిలవదు.