సుజాతక్క మెట్లు దిగిన రేసు

నిన్న పొద్దున బావ ఫోన్ చేసి "మీ అక్క పోయింది" అన్నాడు.

ఏ అక్క అని అడిగాను. సుజాతక్క అయ్యుంటుందని తట్టనే లేదు. మొన్న సాయంత్రం కూడా వాట్సాప్‌లో నాతో పోట్లాడింది.

మా పెద్దమ్మ కూతురు. నాయుడుపేటలో టైలరింగ్ షాపు. నలభై ఆరేళ్లు. నిద్రలోనే మెదడులో నరం చిట్లింది.

ఆ వయసులో సైకిల్ రేసులు అవసరమా, అదే ప్రాణం తీసింది అని నిన్న ఇంటి దగ్గర కొందరు గొణిగారు. డాక్టర్‌ని నేనే అడిగాను. సైకిల్‌కీ దీనికీ సంబంధం లేదన్నారు.

నమ్మకపోతే మీ ఇష్టం.

ఆ రేసు సంగతి నేను చెబుతాను.

పోయినేడాది నెల్లూరు టౌన్‌లో మౌంటెన్ బైక్ రేసు పెట్టారు. కొండా లేదు, గుట్టా లేదు. సందులు, పెన్న ఇసుక, చెక్క ర్యాంపులు, చివర్లో నిటారు మెట్లు. ఆ మెట్లు సైకిల్ మీదే దిగాలి.

ఆడవాళ్లకి వేరే సరదా రైడ్ ఉంది, టీషర్ట్ కూడా ఇస్తాం అన్నారు. అసలు రేసు మగవాళ్లకే అని రూల్స్‌లో ఎక్కడుందో చూపించమంది అక్క. ఎక్కడా లేదు. ఒంటికి కట్టుకునే నంబర్ ఇచ్చారు.

అంతకుముందు మా చర్చి వెనక మెట్ల మీద ప్రాక్టీస్ చేసింది. పాస్టరమ్మ గారే కింద పరుపు వేయించారు.

రేసు రోజు సగం మెట్లలో ముందు చక్రం తిరిగిపోయి పడింది. మోచేయంతా రక్తం. వాలంటీర్ ఒకతను వచ్చి, నంబర్ తీసేసి పక్కకి వచ్చేయమన్నాడు.

"కట్టుకునింది నేను. విప్పేది కూడా నేనే. జరుగు నాయనా."

సైకిల్ భుజానికెత్తుకుని మళ్లీ పైకెక్కింది.

మొదటి మెట్టు నుంచి దిగింది. పడలేదు.

అందరికంటే చివర్న వచ్చింది. ఫినిష్ బ్యానర్ విప్పేస్తుంటే ఆగమని కేకేసింది. ఇద్దరు దాన్ని చేతులతో ఎత్తి పట్టుకుంటే, దాని కింద నుంచి వచ్చింది.

పడ్డ చోటు నుంచి నడిచి వచ్చేస్తే సరిపోయేది కదా అన్నాను.

"మెట్లు దిగేదానికి వచ్చినా మే. నడిచేదానికి కాదు."

నిన్న ఎవరో ఆ సైకిల్ అమ్మేయమని సలహా ఇచ్చారు. బావ వరండాలో ఉన్న సైకిల్‌ని లోపలికి తెచ్చి అక్క పక్కన నిలబెట్టాడు. ఈరోజు సమాధుల తోట దాకా తనే నడిపించుకుంటూ వచ్చాడు.

ఈసారి రేసుకి చెల్లెలిగా నా పేరు ఇచ్చేశాను. వద్దనేవాళ్లు నా ముందుకొచ్చి చెప్పండి.

పోయిరా అక్కా.

దేవుడి దగ్గర నిమ్మళంగా ఉండు. అక్కడ నీకు ఏ దెబ్బా తగలకూడదు.