వడ్ల మీద చక్రం పోనివ్వని సుందరయ్య

తెనాలి రైల్వే స్టేషన్ బయట కార్ల స్టాండులో సుందరయ్యకు రెండు విషయాల్లో పేరుంది. మొదటిది, అతని కారెక్కినవాళ్ళకు బాపట్ల చేరేలోపు ఒక కునుకు పడుతుంది, అంత నిదానం. రెండోది, ఏటేటా ఆ కారుకు ఫుల్ ఇన్సూరెన్స్ కట్టడం. చట్టం అడిగేది థర్డ్ పార్టీ ఒక్కటే. మనం ఎవరినైనా గుద్దితే వాళ్ళ నష్టం చూసుకునేది అది. మన బండి సొట్టపోతే మాత్రం అందులో పైసా రాదు. మన బండికీ కావాలంటే వేరుగా కట్టుకోవాలి, అది మన ఇష్టం. స్టాండు మొత్తం మీద ఆ ఇష్టం ఉన్నవాడు సుందరయ్య ఒక్కడే.

"నువ్వు తోలే స్పీడుకి నీ కారు దేన్నీ గుద్దదు బాబాయ్. ఏదన్నా దానంతటదే వచ్చి గుద్దుకోవాలి. ఊరికే డబ్బులు ఎందుకు తగలేస్తావ్?" అని పక్క కారు మనోహర్ ఏటా అది కట్టే వారమంతా ఆట పట్టించేవాడు. సుందరయ్య నవ్వి ఊరుకునేవాడు. నిజానికి ఆ ముందుచూపు అతనిది కాదు, భార్య కమలమ్మది. కారు కొన్న రోజు చర్చిలో ప్రార్థన చేయించుకుని వస్తూ ఆవిడ ఒక్కటే అడిగింది, "ఏవండీ, మనింట్లో సంపాదించేది ఇదొక్కటే కదా. దీనికి రోగమొస్తే ఎవరు చూస్తారు?" సుందరయ్య ఆ సాయంత్రమే వెళ్ళి ఫుల్ ఇన్సూరెన్స్ కట్టాడు.

ఇక సుందరయ్యకున్న మూడో గుణం స్టాండులో ఎవరికీ తెలియదు. అతను వడ్ల మీద చక్రం పోనివ్వడు. కోతలైపోయాక ఈ ప్రాంతంలో సగం రోడ్డు వడ్లదే. తారు మీద ఆరబోసి, అంచున రాళ్ళు పేరుస్తారు. బస్సులూ లారీలూ మీంచే పోతాయి, రైతులు కూడా పెద్దగా పట్టించుకోరు. సుందరయ్య మాత్రం పట్టించుకుంటాడు. అతని తల్లి కోతలు ముగిసిన చేలలో రాలిన వెన్నులు ఏరి, ఆ పరిగె వడ్లు దంచి ముగ్గురు పిల్లలకు అన్నం పెట్టింది. గింజ కాలికింద పడితే వీపు మీద చెయ్యి పడేది. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళయినా వడ్లు కనబడితే అతని కాలు ఇప్పటికీ బ్రేకు మీదికే పోతుంది.

మొన్న డిసెంబరులో ఒక మధ్యాహ్నం రేపల్లెలో బేరం దింపి ఖాళీగా తిరిగొస్తున్నాడు. ఎడమ పక్క కాలవ, కుడి పక్క వడ్లు. ఎదురుగా గడ్డి ట్రాక్టరు ఒకటి వడ్లు లేని మిగతా రోడ్డంతా తనదే అన్నట్టు వచ్చింది. కుడిచేతి పక్కకు తిప్పి వడ్ల మీదుగా పోతే సరిపోయేది, చిన్నపిల్లాడైనా ఆ పనే చేసేవాడు. సుందరయ్య ఎడమకు తిప్పాడు. గట్టు మెత్తగా ఉంది. కారు మెల్లగా, అతని అలవాటు ప్రకారమే, ముందుకు ఒరిగి బానెట్ దాకా నీళ్ళలో దిగింది.

మోకాలు గీరుకోవడం తప్ప అతనికేమీ కాలేదు. వెనక తలుపు తీసుకుని గట్టెక్కాడు. జనం చేరారు. "స్టార్ట్ చేసి రివర్సులో లాగించండి!" అని తలా ఒక అరుపు. సుందరయ్య తాళంచెవి జేబులో వేసుకుని, "నీళ్ళలో ఉన్న ఇంజన్ని ముట్టుకోకూడదండీ" అన్నాడు.

ఊరి పెద్ద శివరామయ్య వచ్చాడు. ఇటువంటివి పోలీసుదాకా పోనివ్వకుండా అక్కడికక్కడే తేల్చెయ్యడం ఆ చుట్టుపక్కల ఆనవాయితీ. ఆ వడ్లు బసవమ్మవి. అరవై దాటిన మనిషి, ఎకరన్నర కౌలుకు చేస్తుంది. చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"రోడ్డు మీద వడ్లు పొయ్యడం తప్పా కాదా?" అన్నాడు శివరామయ్య. "కారు బాగుచేయిస్తే లక్ష దాటుద్ది. ఇతను బతికేది దానిమీదేనంట. ఈ వడ్లన్నీ బస్తాలకెత్తి ఇతనికిచ్చెయ్ బసవమ్మా. ఇంతకన్నా న్యాయం ఏముంటది?"

పెద్దమనిషి అన్యాయంగా ఏమీ మాట్లాడలేదు. అందుకే ఎవరూ ఎదురు చెప్పలేదు. బసవమ్మ కూడా చెప్పలేదు. "అట్టాగే బాబూ" అని చీపురు పక్కన పెట్టి గోతాలు తేవడానికి కదిలింది. సుందరయ్య ఆ వడ్ల వంక చూశాడు, కాలవలో కారు వంక చూశాడు. వేళ్ళ కణుపుల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. ఆ తర్వాతే "వద్దండీ, నా బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. కంపెనీవాళ్ళు చూసుకుంటారు. ఆ అమ్మ జోలికి వెళ్ళకండి" అని, ఫోను తీసి ఆ కంపెనీకి చేశాడు.

కారును చూడటానికి వచ్చే సర్వేయరుకు అసలు సంగతి చెబితే డబ్బు రాదని, గేదె అడ్డమొచ్చిందని చెప్పమని స్టాండు మొత్తం నేర్పించింది. సర్వేయర్ హేమంత్ వచ్చి అడిగేసరికి సుందరయ్య నోటికి గేదె రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"వడ్ల మీంచి పోనిస్తే ఏమయ్యేది?"

"ఏమీ అయ్యేది కాదండి."

హేమంత్ నవ్వాపుకుని రాసుకున్నాడు. "నీళ్ళలో ఉండగా స్టార్ట్ చేశారా?"

"లేదండి."

"బతికిపోయారు. చేసుంటే ఇంజన్ పాడయ్యేది, ఆ ఖర్చు మీ పాలసీలో వచ్చేది కాదు."

ఇరవై రెండు రోజులు సుందరయ్య ఇంట్లో కమలమ్మకు చిక్కుళ్ళు తుంచిపెడుతూ కూర్చున్నాడు. ఆవిడకు విసుగొచ్చే సమయానికి కారు వచ్చింది. తన వంతు కొంత కట్టాడు, మిగిలింది కంపెనీ ఇచ్చింది. ఆ రోజు అతని సంతోషం చూడాలి, కొత్తగా కొన్నప్పుడు కూడా అన్నిసార్లు తుడవలేదు.

స్టాండుకు వెళ్తే మనోహర్ టీ ఇప్పించాడు. బసవమ్మ సంగతి అప్పటికే తెనాలి చేరింది.

"దేవుడిలాంటోడివి బాబాయ్. చేతికొచ్చిన వడ్లు వద్దన్నావంట. నీ అంత మంచితనం మాకు రాదు."

మామూలుగా అయితే సుందరయ్య నవ్వి ఊరుకోవాలి. ఈసారి ఊరుకోలేదు. టీ గ్లాసు బానెట్ మీద పెట్టాడు.

"మంచితనం కాదురా. ఆవిడ గోతాలకోసం కదిలిందే, అప్పుడు నేనేం లెక్కేశానో తెలుసా? పాలసీ తారీకు దాటిందా లేదా అని. ఇంకా నెలుందని గుర్తొచ్చాకే నోరు తెరిచాను."

"దాటిపోయుంటే?"

సుందరయ్య బానెట్ మీది గ్లాసు తీసుకున్నాడు.

"ఆ గోతాలు నేనే పట్టుకునేవాణ్ణి మనోహరూ. ఆవిడ ఎత్తి పోస్తుంటే."