వాగు చప్పుడు కోసం తెచ్చిన మైకు

మొన్న మా అమ్మాయి చిన్న చిన్న మైకుల డబ్బాలు తెచ్చి నా మంచం మీద పరిచి, ఆరుబయట గాలిలో, చెట్ల కింద, పిట్టల చప్పుడు పట్టడానికి వీటిలో ఏది మంచిదో చెప్పమని అడిగింది. తను మిద్దె మీద కూరగాయలు పెంచుతూ వాటి వీడియోలు తీసి ఫోనులో పెడుతుంటుంది. ఒక మైకుకు కుందేలు పిల్ల ఒంటి మీద ఉన్నట్టు మెత్తటి బొచ్చు తొడుగు ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు నిమిరాను. ఏది ఉంచుకున్నా నీ పనికి సరిపోతుందిలే అని చెప్పి పంపించాను గానీ, ఆ పూట నాకు అన్నం సయించలేదు.

నా వయసు వాళ్ల ఇళ్లలో బీరువా అడుగున ఇప్పటికీ ఒక పెళ్లి క్యాసెట్టు ఉండే ఉంటుంది, చూసే మిషను లేకపోయినా పారేయడానికి చేతులు రాక దాచుకున్నది. అలాంటి క్యాసెట్లు తీసే పనే మాది. కల్లూరులో మా ఆయనకు చిన్న వీడియో షాపు ఉండేది. ఆయన క్యామ్‌కార్డర్ భుజాన పెట్టుకుంటే నేను లైటు పట్టుకునేదాన్ని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మాట సరిగ్గా పడుతున్నదో లేదో వినేదాన్ని. అప్పటికి నాకు చదువు రాదు. మా ఊళ్లో ఆడపిల్లకు బడి కంటే తునికాకు సేకరణ ముందు. క్యాసెట్టు అట్ట మీద పెళ్లివారి పేర్లు రాయడం కోసం ముప్పై అయిదేళ్లు దాటాక ఆయన దగ్గరే అక్షరాలు దిద్దాను కనుక, అమ్మ, ఆవు అని రాయడం కంటే ముందు నాకు చి.ల.సౌ. అని రాయడం వచ్చింది.

మా పుట్టిన ఊరు సత్తుపల్లి అవతల, అడవి అంచున ఉండేది. ఉండేది అనే అంటున్నాను, ఎందుకంటే అక్కడ ఇప్పుడు ఊరు లేదు, బొగ్గు కోసం తవ్విన పెద్ద గుంత ఉంది. ఊరు ఖాళీ చేయాలన్న మాట ఏళ్ల తరబడి నానుతూ నానుతూ, ఒక ఎండాకాలం నిజంగానే వచ్చి పడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మ బిందెతో వాగులోకి దిగుతూ పాచి రాతి మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఖమ్మం దవాఖానాలో కట్టు కట్టి, ఇక బండి కుదుపు తగలకూడదని చెప్పి పంపిస్తే, మా ఇంటికి తెచ్చుకుని కిటికీ పక్కన మంచం వేశాం. అక్కడ పడుకుని అమ్మ వచ్చిపోయే ప్రతివాళ్లనూ ఊళ్లో ఎవరిల్లు విప్పారు, ఎవరు ఎటు పోయారని అడిగేది. పోనుపోను తిండి తగ్గించింది. వాగు దగ్గరికి ఒక్కసారి తీసుకుపొమ్మని అడిగి అడిగి, కుదరదని తెలిశాక నా చెయ్యి పట్టుకుని, "నన్ను తీస్కపోలేరు గద బిడ్డా. పోనీ వాగునన్న తెండి. గంత పెద్ద కెమెరా ఉంది గద మీకు, ఊరోళ్ల పెండ్లిళ్లన్నీ తెస్తరు" అంది.

ఆ మాట మా ఆయన మనసులో పడింది. బొమ్మ తీయడం ఆయనకు చేతనైన పనే. వచ్చిన చిక్కంతా చప్పుడుతోనే. మా ఇంటి వెనక కాలువ గట్టు మీదికి పోయి ముందు క్యామ్‌కార్డర్‌కు ఉన్న సొంత మైకుతోనే పట్టి చూశాం. పెళ్లి పందిట్లో ఎన్నడూ పట్టించుకోని గోల ఆరుబయట బయటపడింది. లోపల టేపు తిరిగే గుర్రు, ఆయన వేలు జరిగినప్పుడల్లా గరగర, కొంచెం గాలి వీస్తే చాలు లారీ మీదికొస్తున్నట్టు బొబ్బ. నీళ్లు ఎక్కడో అడుగున పడిపోయాయి. తర్వాత, పెళ్లికొడుకు కాలరుకు తగిలించే చిన్న మైకును ఒక కొమ్మకు కట్టి చూస్తే, ఆ కొమ్మ ఆకులు రాసుకునే చప్పుడు తప్ప ఇంకేమీ పడలేదు. మనిషి మాటకోసం చేసిన వస్తువు, దానికి వాగులు, గాలులు ఏం తెలుస్తాయి.

చివరికి ఖమ్మం పోయి, సౌండు సామాను కిరాయికిచ్చే సాయిబు గారిని అడిగాం. తాతల నాటి నుంచి అదే బజారులో అదే వ్యాపారం వాళ్లది. ఆయన రెండు మైకులు బల్ల మీద పెట్టి నాకే విడమరిచి చెప్పాడు. "చూడు బేటీ, ఈ పొడుగుది గన్ మైకు. ఎటు చూపిస్తే అటే వింటది, పక్కన బ్యాండు మోగినా దీనికి ఫికర్ లేదు. గీ గుండ్రంది చూసినవా, ఇది పిచ్చిది, నలుదిక్కుల ఉన్న చప్పుడంతా మింగుతది. మీకు నీళ్ల చప్పుడు సాఫ్‌గ రావాల్నంటే పొడుగుదే తీస్కపోండ్రి."

మాకూ అదే సబబనిపించింది. పెళ్లిళ్లలో మా జీవితమంతా, మంత్రం వినపడాలంటే చుట్టూ ఉన్నవాళ్ల నోళ్లు మూయించడంతోనే గడిచింది. గాలికి తొడుగు కూడా కావాలని సాయిబు గారంటే, దానికి వేరే కిరాయి ఎందుకని మా అమ్మాయి ఆడుకునే ఎలుగుబంటి బొమ్మ తోలు ఒలిచి మైకుకు సంచీ కుట్టాను. వారం రోజులు ఆ పిల్ల నాతో మాట్లాడలేదు.

పొద్దు పొడవగానే ఊరు చేరాం. అప్పటికి ఇంకా సగం ఇళ్లకు పైనే మనుషులున్నారు. వాగు దగ్గర ఎప్పటిలాగే ఆడవాళ్లు బిందెలు తోముతూ, బట్టలు ఉతుకుతూ, తెలుగులో సగం కోయ మాటలో సగం అరుచుకుంటూ ఉన్నారు. మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, మైకును చూసి ముక్కున వేలేసుకుని, "ఏందే బిడ్డా, మీ ఆయన సచ్చిన ముంగిసను కట్టెకు కట్టుకొచ్చిండు?" అంటే గట్టంతా నవ్వులే. అమ్మ కోసం వాగు చప్పుడు పట్టుకుపోతున్నామని చెప్పాను. అందరికీ ముచ్చటేసింది. మా ఆయన అలవాటుగా చెయ్యి పైకెత్తి కాసేపు మాట్లాడొద్దన్నాడు. "గిదేంది, మేం పంతులు ముందల కూసున్నమా?" అని ఒకామె గొణిగినా, అమ్మ మీద ప్రేమతో అందరూ రాళ్ల మీద కూర్చుని కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కుక్కను అదిలించారు. నీళ్లకు వచ్చిన ఆవుల మెడ గంటల్లో చిన్నమ్మ తన చేత్తోనే గడ్డి కుక్కింది.

హెడ్‌ఫోన్లు రెండు చేతులతో చెవులకు అదుముకున్నాను. పుట్టినప్పటి నుంచి విన్న వాగే, కానీ అంత దగ్గరగా ఎన్నడూ వినలేదు. రాతికీ రాతికీ నీళ్లు వేరే గొంతుతో పలుకుతున్నాయి. టేపు సగం నిండేదాకా ఎవరూ దగ్గలేదు, కదలలేదు. ఇంత బాగా ఏ పెళ్లీ తీయలేదని ఆయన దారి పొడుగునా మురిసిపోయాడు.

ఇంటికి రాగానే టీవీకి తీగలు తగిలించి, అమ్మ తల కింద ఇంకో దిండు పెట్టి, టేపు వేశాం. అమ్మ ముఖం వెలిగింది. నీళ్ల చప్పుడుకు కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచి బొమ్మ వంక చూసింది. చూస్తూ చూస్తూ ఆ వెలుగు పోయింది. రాళ్ల మీద వరసగా కూర్చున్న తన తోటి వాళ్లను ఒక్కొక్కరినే చూసి, నా వైపు తిరిగి, భయంగా, "అందరు గట్ల నోర్లు మూస్కోని కూసున్నరేందే? ఎవరు సచ్చిండ్రు?" అని అడిగింది.

మేమే మాట్లాడొద్దన్నామని ఎంత చెప్పినా నమ్మలేదు. వాగు గట్టున మా ఆడవాళ్లు అలా మౌనంగా కూర్చోవడం ఆమె ఎరిగినంతలో చావు కబురు వచ్చిననాడు తప్ప జరగలేదు. తన దగ్గర దాస్తున్నామనుకుంది. చిన్నమ్మ ఆ తెరలో బతికే కనబడుతున్నా, "మరి నా చెల్లె గొంతు ఏది?" అని సాయంత్రం దాకా ఏడ్చింది. నేను వంటింట్లోకి పోయి పొయ్యి ముందు కూర్చున్నాను.

మళ్లీ పోదామనుకున్నాం. ఈసారి సాయిబు గారి దగ్గర ఆ గుండ్రటి మైకు తీసుకుని, ఎవరినీ ఏమీ అనకుండా ఓ మూల పెట్టి వదిలేద్దామనుకున్నాం. కానీ మధ్యలో ముహూర్తాలు వచ్చి పడ్డాయి, ముందే ఒప్పుకున్న పనులు మానుకోలేకపోయాం, అవి అయ్యేసరికి వానలు పట్టుకుని దారి తెగింది. తీరా పోయేసరికి ఊళ్లో మనుషులు లేరు. చిన్నమ్మ వాళ్లు కొడుకు వెంట బోనకల్ వైపు కూలికి పోయారన్నారు. ఇళ్ల పైకప్పులు విప్పుకుపోగా మిగిలిన మొండిగోడలు, ఎక్కడో ఒక రేకు గాలికి కొట్టుకోవడం, దూరాన మిషన్ల రొద. ఆ మైకు నలుదిక్కులా విన్నది, నలుదిక్కులా ఆ చప్పుళ్లే ఉన్నాయి. ఆయన హెడ్‌ఫోన్లు తీసి నా చేతికిచ్చాడు. ఆ టేపు అమ్మకు వినిపించలేదు.

కొన్నాళ్లకు అమ్మే తనంతట తాను మొదటి టేపు పెట్టమంది. బొమ్మ వద్దు, చప్పుడు చాలన్నది. టీవీ మీద గుడ్డ కప్పాను. నేను బియ్యం ఏరుకుంటుంటే కాసేపటికి మాటలు వినబడ్డాయి. "ఓ వదినె, జర జరుగు, బిందె ముంచుకోనియ్యి." కొంచెం ఆగి, "నీ కొడుకు నిన్న మళ్ల తాగొచ్చిండా?" మళ్లీ ఆగి, "అవ్ మరి, నే చెప్పలే? పిల్లనిచ్చేటప్పుడే చెప్పిన." ఎవరో వచ్చారేమోనని తొంగి చూస్తే అమ్మ ఒక్కతే, కళ్లు మూసుకుని, నీళ్ల చప్పుడులో కూర్చుని అందరితో మాట్లాడుతున్నది. అవతలివాళ్లు జవాబు చెప్పేంత సేపు ఆగుతున్నది, నవ్వాల్సిన చోట నవ్వుతున్నది, చెల్లెలిని కసురుకుంటున్నది. మతి తప్పిందేమోనని భయపడ్డాను. టేపు ఆగిపోగానే మామూలు గొంతుతో మంచినీళ్లు అడిగింది.

ఆ తర్వాత రోజూ అంతే. మా ఆయన ఒకసారి ఆ మాటలు పట్టాలని కెమెరా తీసుకుని గడప దగ్గరికి వచ్చాడు. అమ్మ చటుక్కున ఆగి కొంగు సర్దుకుని నాతో అంది, "మీ ఆయనకు చెప్పు బిడ్డా, నన్ను గూడ నోరు మూస్కొమ్మంటడేమో." నవ్వుతూనే అన్నది. ఆయన మాత్రం కెమెరా లోపల పెట్టేసి మళ్లీ ఆ పని తలపెట్టలేదు. ఆ చలికాలంలోనే అమ్మ పోయింది.

ఇప్పుడు ఆయనా లేడు, షాపూ లేదు. మా అమ్మాయి ఆ టేపును ఎక్కడో ఇచ్చి ఫోనులోకి ఎక్కించింది, అందులో ఒక మీట నొక్కితే చుట్టుపక్కల గోలంతా పోయి అనుకున్న చప్పుడు ఒక్కటే మిగులుతుందట. మేం చేతులెత్తి, గంటల్లో గడ్డి కుక్కి చేసిన పని ఇప్పుడు వేలితో అయిపోతున్నది. ఒక్కోసారి మధ్యాహ్నం పూట పెట్టుకుని వింటాను. వాగు లేదు, ఊరు లేదు, ఆ రాళ్ల మీద కూర్చున్న వాళ్లలో చాలామంది లేరు, నీళ్లు మాత్రం ఆనాడు పారినట్టే పారుతుంటాయి. అమ్మ ఎక్కడ వదినెను జరగమనేదో, ఎక్కడ చెల్లెలిని తిట్టేదో నాకు తెలుసు. ఆ చోటు రాగానే ఆ మాట నేనే మొదలుపెడతాను. నా గొంతు నాకే కొత్తగా వినబడి ఆపేస్తాను.