తమ్ముడి నాలుగు దెబ్బలు

మా పోర్ట్ బ్లెయిర్ తెలుగు చర్చిలో పాట చరణం అయిపోగానే నేను డోలక్ మీద చెయ్యి ఆపేసేవాణ్ణి. ఆ ఖాళీలో మా తమ్ముడు కంజీర మీద నాలుగు దెబ్బలు వేసేవాడు. చిన్నప్పటినుంచీ అదే మా అలవాటు. 2004లో క్రిస్మస్ ఆరాధనలో వాయించమని అక్కడి చర్చివాళ్ళు పిలిస్తే ఓడెక్కి ఇంకో దీవిలో ఉన్న హట్‌బే వెళ్ళాడు. క్రిస్మస్ మర్నాడు పొద్దున్నే సునామీ. మనిషీ దొరకలేదు, కంజీరా దొరకలేదు.

ఆ తరవాత కూడా నేను ఆ చోట ఆగడం మానలేదు. ఆగితే వాడి దెబ్బలు నాకు వినపడేవి, నిజం చెప్తున్నా. మూడోది కాస్త తొందరగా పడేది, వెధవకి ఎన్నిసార్లు చెప్పినా మారలేదు. మిగతా అందరికీ మాత్రం పాట తెగిపోయినట్టుండేది. "అంకుల్, ఆ గ్యాప్ ఎందుకు, భర్ దో నా, నింపెయ్యండి!" అనేది కీబోర్డు వాయించే అమ్మాయి. నీ పని నువ్వు చూసుకోవమ్మా అనేవాణ్ణి. పాస్టరుగారు మర్యాదగా చెప్పి చూశారు. ఆయన మాటా వినలేదు. వాడిదంటూ నాకు మిగిలింది అదొక్కటే, ఎలా ఇచ్చేస్తాను?

కొన్నేళ్ళకి బయటి దేశంనుంచి ఒక జాజ్ బృందం వచ్చింది. గోల్‌ఘర్‌లో నాది మైక్ సెట్ల షాపు కనక హాలుకి సామాను నేనే పట్టుకెళ్ళాను. మధ్యాహ్నం రిహార్సల్ మొదలెట్టారు. ఒకాయన మోకాళ్ళ మధ్య ఆఫ్రికా డ్రమ్ము పెట్టుకుని వాయిస్తుంటే, మిగతావాళ్ళు ఎవరికి తోచినప్పుడు వాళ్ళు అందుకుంటున్నారు. కాగితం లేదు, ముందు అనుకున్నదీ లేదు. సాక్సోఫోన్ అయితే గొంతు చించుకుంటోంది. ఇదేం గోలరా బాబూ అనుకున్నాను. అరగంటయ్యేసరికి నా వేళ్ళు స్పీకర్ పెట్టె మీద ఆడుతున్నాయి. డ్రమ్మాయన అది చూసి సైగ చేశాడు. "భయ్యా, ఆప్ భీ ఆవో" అని కార్యక్రమం పెట్టించినాయన నా సామాను జీపులో ఉన్న డోలక్ తెప్పించాడు.

ఎంత బాగుందో! అన్నేళ్ళ తరవాత పక్కన ఇంకో మనిషి నా దెబ్బకి దెబ్బ వేస్తున్నాడు. ఆ సంతోషంలో, అలవాటు కొద్దీ, చెయ్యి ఆపేశాను. వాళ్ళ పద్ధతిలో ఒకరు ఆగారంటే ఇంకొకరికి చోటిచ్చినట్టే. డ్రమ్మాయన వేసేశాడు. నాలుగే దెబ్బలు, నా కళ్ళలోకి చూసి నవ్వుతూ. ఎంత బాగా వేశాడో చెప్పలేను. నాకు ఒళ్ళు మండిపోయింది. డోలక్ తీసుకుని బయటికొచ్చేశాను. పాపం, ఆయనకేం తెలుసు! గుమ్మందాకా వచ్చి దణ్ణం పెట్టాడు. నేను మొహం తిప్పుకున్నాను.

ఆదివారం చర్చిలో మొదటి చరణం అయింది, ఆగాను. ఆ డ్రమ్మాయన దెబ్బలే వినపడ్డాయి. రెండో చరణానికి కళ్ళు గట్టిగా మూసుకుని తమ్ముణ్ణి పిలిచాను. మళ్ళీ ఆయనవే. వాడి మూడో దెబ్బ తొందరగా పడేదని తెలుసు, ఎంత తొందరగానో గుర్తు రావడం లేదు. దేవుడా, అదొక్కటీ కూడానా! మూడో చరణానికి ఆగలేకపోయాను. ఆ నాలుగూ నేనే వాయించేశాను.

ఆరాధన అయ్యాక పాస్టరుగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. "ఇన్నాళ్ళకి పాట అతికింది, దేవునికి స్తోత్రం" అన్నారు. నేనూ స్తోత్రం అన్నాను.