పూలజడ కోసం పెడన దాకా

బెజవాడ నుంచి బందరు వెళ్ళే పొద్దుటి బండి అయిదూ ఇరవైకి. నేనూ మా మంగా నాలుగున్నరకే ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. తొందరంతా ఎనిమిదేళ్ళ మా అమ్మాయిదే. వన్ టౌన్‌లో కోడి కూయకముందే నన్ను లేపి, "బండి వెళ్ళిపోతుందేమో నాన్నా" అని పదిసార్లు అంది. నిజం చెప్పొద్దూ, నాకూ హుషారుగానే ఉంది. బట్టల దుకాణం గద్దె దిగి ఒక రోజు బయటపడటమంటే మాటలా!

సంగతేమిటంటే, మూడేళ్ళ కిందట మంగకు టైఫాయిడు వచ్చింది. బతుకుతుందనుకోలేదు. అప్పుడు మా ఆవిడ పిల్ల జుట్టు ఏడుకొండలవాడికి ఇస్తానని మొక్కుకుంది. యుద్ధం రోజుల్లో ప్రయాణాలు పడక ఏటికేడు వాయిదా పడి, తీరా ఇప్పుడు, ఎల్లుండికి తిరుపతి ప్రయాణం కుదిరింది. ఈలోగా జుట్టు నడుము దాకా పెరిగింది. గుండు అనేసరికి పిల్ల పట్టు పట్టింది. "ముందు పూలజడ కుట్టించి ఫోటో తీయించండి. లేకపోతే కొండ మీద ఎవరు పట్టుకున్నా నా తల ఇవ్వను." అన్నంత పనీ చేసే ఘటమే అది.

పెడనలో మా అక్కయ్య ఉంది. బావగారిది మగ్గం పని. పూలజడ కుట్టడంలో అక్కయ్యను మించినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. "పెరట్లో మల్లెలు విరగబూస్తున్నాయి. పిల్లను తీసుకురా, మధ్యాహ్నం బండికి జడతో పంపిస్తాను" అని వారం కిందట కార్డు రాసింది. సాయంత్రం బెజవాడలోనే ఫోటో. ఇదీ మా ఏర్పాటు.

మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్క చోటు దొరికింది. ఉప్పలూరు దాటాక తెల్లవారింది. కాలువలు కట్టేసిన రోజులు కనుక చేలన్నీ బీటలు వారి ఉన్నాయి. స్టేషను స్టేషనుకూ తురాయి చెట్లు మాత్రం ఎర్రగా విరగబూసి ఉన్నాయి. గుడివాడలో బండి చాలాసేపు ఆగుతుంది. ఆ సందులో ఆకులో ఇడ్లీలు కట్టించుకొచ్చాను. వేడిగా, మెత్తగా ఉన్నాయి. ఆ దారిన వెళ్ళేవారు గుడివాడ దాకా ఆకలి ఆపుకోవడం మంచిది.

అక్కడ ఎక్కిన పెద్దావిడ ఒకరు మా ఎదుట కూర్చుని మంగ జుట్టు చూసి ముచ్చటపడ్డారు. "ఎంత జుట్టే తల్లీ! నూనె ఏం రాస్తున్నారే?"

"ఎల్లుండి గుండండీ" అంది మంగ.

"పోనీలేమ్మా, దేవుడిచ్చిందేగా. మళ్ళీ వస్తుందిలే."

"వస్తదండీ. కానీ అది వేరే జుట్టు కదండీ!"

ఆవిడ నోరు నొక్కుకుని నా వంక చూశారు. నేను కిటికీ వంక చూశాను.

ఎనిమిదీ పదికి పెడనలో దిగాం. వీధి పొడుగునా మగ్గానికెక్కించే పడుగు నూలు సాగదీసి, అటొకరూ ఇటొకరూ కుంచెలతో గంజి పట్టిస్తున్నారు. వంగి దాటుకుంటూ ఇల్లు చేరేసరికి గుమ్మంలోనే అక్కయ్య కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"ఏం మొహం పెట్టుకుని రమ్మన్నాన్రా తమ్ముడూ! మల్లెలు పోయినయిరా!"

పెరట్లోకి పరుగెత్తాను. మూడు మల్లెపొదలూ ఆకులు మాడి నిలబడి ఉన్నాయి. మొగ్గలన్నీ రాలి నేల మీద గోధుమరంగుకు తిరిగాయి. పక్కనే బావగారు తల వంచుకుని ఉన్నారు.

"తప్పు నాదే బావా" అన్నారాయన. "పడుగుకు పెట్టగా మిగిలిన గంజి ముప్పై ఏళ్ళుగా ఈ పొదలకే పోస్తున్నా. దానితోనే ఇంత బలంగా పూసేవి. ఈ బియ్యం కరువులో రోజూ గంజి కాచలేక, రెండు రోజులు పులవకుండా ఉంటదని ఈసారి మైలుతుత్తం కలిపా, మొక్కకది విషం. కలిపిన సంగతి మర్చిపోయి అలవాటు కొద్దీ తెచ్చి మొదట్లో పోశా. నాలుగు రోజుల్లో ఇట్లా అయింది."

పాపం, ప్రేమతో పోసిన గంజే. ఊళ్ళో అడిగిస్తే పెళ్ళిళ్ళ రోజులు కావడంతో మొగ్గలన్నీ తెల్లవారుజామునే బందరు వెళ్ళిపోయాయన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరి మీదో తెలియదు. మంగ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. పెదవి బిగించి పెరడంతా ఒక్కతే తిరగసాగింది.

నేనూ వెనకే నడిచాను. ఎండ ముదిరే వేళ అయినా ఎన్ని పూలు! పందిరి మీద రాధామనోహరం రాత్రి పూసిన తెలుపు గులాబీరంగుకు తిరుగుతోంది. గోడవార కనకాంబరాలు బారులు తీరి ఉన్నాయి. పొగడచెట్టు కింద రాలిన పూలు చాప పరిచినట్టున్నాయి. మనోరంజితం పువ్వు ఆకుల్లో ఆకులా దాక్కుంది. వాసన పట్టుకుని వెతికితే గానీ దొరకలేదు. సంపెంగ అందనంత ఎత్తున పూసింది. మరువం మడి తాకితేనే చేతికి వాసన అంటింది. మల్లెల దిగులు మరిచి నేను ఒక్కొక్కటీ పేరు అడుగుతుంటే అక్కయ్య, "గుడ్డలు తప్ప నీకేం తెలుసురా" అని ఏడుపులోనే నవ్వింది.

నూతి పక్క మంగ ఆగిపోయింది. "అత్తయ్యా, ఇవీ తెల్లగానే ఉన్నయ్యిగా!"

రేకనందివర్ధనం చెట్టు. కొమ్మ కొమ్మకూ సూదిమొనల్లాంటి తెల్లని మొగ్గలు. అచ్చం మల్లెమొగ్గలే, కొంచెం సన్నం.

అక్కయ్య వెనకాడింది. "అవి దేవుడి పూలమ్మా. మన ఇంట్లో పూజకే కోస్తాం, జడలో పెట్టుకోం."

మంగ అత్తయ్య వంకే చూసింది. "నా జుట్టూ దేవుడిదేగా అత్తయ్యా?"

అక్కయ్య పిల్లను దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. అంతే, బుట్ట తీసుకుని కొయ్యడం మొదలుపెట్టింది. అప్పటికి తొమ్మిదిన్నర.

ఆ మూడు గంటలూ ఇల్లు పెళ్ళిల్లయిపోయింది. నందివర్ధనం తుంచితే పాలు కారి దారం జిగటవుతుందట. అందుకని మొగ్గలన్నీ నీళ్ళలో పోసి పాలు వదిలించాం. బావగారు మగ్గం దిగివచ్చి అరటిపట్ట చీల్చి జడకు సరిపోయే పట్టీ చేశారు. "గోపురాల అంచు పెడదామే" అంటూ చీర అంచు వేసినట్టే మొగ్గల వరసలు పేర్చి చూపించారు. అక్కయ్య సూదితో కుట్టింది. అంచులకు కనకాంబరాలు, సందుల్లో మరువం, వాసన కోసం లోపల మనోరంజితం. నాకు అప్పజెప్పింది దారం ఎక్కించే పని. అదీ సరిగ్గా చేతకాలేదు. అన్నం ఎప్పుడు తిన్నామో తెలియదు. మామిడికాయ పప్పు మాత్రం గుర్తుంది.

రెండూ పదికి తిరుగు బండి. మంగ వెనక్కు ఆనకుండా నిటారుగా కూర్చుంది. పెట్టెలోని జనమంతా దాని జడనే చూశారు. అది చూస్తున్నారని దానికీ తెలుసు. బందరు నుంచి వస్తున్న ఒక సాయిబుగారు లేచి వచ్చి మరీ చూశారు. పెళ్ళికొడుకుల ముఖానికి కట్టే పూల సెహరాలు కుట్టడం ఆయన పని.

"ఇవి మల్లెలు కాదే! ఎవరు కుట్టారండీ?"

"మా అక్కయ్య. అంచు మాత్రం మా బావగారిదండీ, మగ్గం నేస్తారు."

"భలే చేశారండీ! మల్లెలైతే ఈ వేడికి గుడివాడలోనే విచ్చుకునేవి. ఇవి చూడండి, ఒక్కటీ నోరు తెరవలేదు!"

ఆ మాట వింటే బావగారు ఎంత సంతోషించేవారో!

అయిదూ పదికి బెజవాడ చేరాం. స్టేషను రద్దీలో చేతులు చాచి మంగ వెనక కాపలా నడిచాను. స్టూడియోలో వీపు వెనక నిలువుటద్దం పెట్టి ఫోటో తీశారు. కదలవద్దంటే అది ఊపిరి కూడా పీల్చలేదు. బయటకు వచ్చి వన్ టౌన్‌కు జట్కా ఎక్కాక, "ఇంకేం, ఎల్లుండి పేచీ పెట్టవుగా?" అన్నాను.

"పెట్టను నాన్నా" అంది మంగ, జడను ముందుకు తెచ్చి ఒళ్ళో పెట్టుకుంటూ. "పొద్దున్నదాకా ఉత్త జుట్టు కదా. ఇప్పుడెంత బాగుంది! బాగున్నదే ఇవ్వాలి కదా దేవుడికి. ఫోటో సరిగ్గా రాకపోయినా ఇచ్చేస్తాలే."

వ్యాపారం మీద ఎన్నో ఊళ్ళు తిరిగాను గానీ, ఇంత సంతోషంతో ఇల్లు చేరిన ప్రయాణం మరొకటి లేదు. మూడేళ్ళ కిందట మొక్కింది మా ఆవిడ. ఇచ్చింది మాత్రం, ఆ సాయంత్రం జట్కాలో, మా మంగ.