పెద్దమ్మ పెంచిన బదనిక

మొన్న సుబేదారిలో ఒక మిత్రుని ఇంటికి వెళితే, వరండాలో వేలాడుతున్న పెద్ద ఆర్కిడ్ మొక్కను చూపించి, ఇది ఉంటే వాస్తుదోషం పోతుందట అన్నాడు. జీవితమంతా పిల్లలకు సైన్సు చెప్పిన మనిషి, సిగ్గయినా పడకుండా. ఇచ్చిన కాఫీ తాగబుద్ధి కాక లేచి వచ్చాను.

మా ఈడువాళ్లు దాన్ని బదనిక అనేవారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి, నిజాం ఏలుబడిలోని మా వరంగల్లుకు ఇంకా రాని రోజుల్లో, మా నాన్న ములుగు అడవి నుంచి కొమ్మతో సహా ఒకటి తెచ్చాడు. మాది మగ్గాల ఇల్లు. పెద్దనాన్న పోయాక పెద్దమ్మ పొద్దంతా రాట్నం ముందు కూర్చొని కండెలు చుట్టేది. శుభకార్యానికి బయలుదేరినవాళ్లు ఆమె ఎదురైతే వెనక్కి వచ్చి, కాళ్లు కడుక్కొని మళ్లీ వెళ్లేవారు. ఆ పెద్దమ్మే మొక్కను వెదురు బుట్టలో పెట్టి, బొగ్గుముక్కలూ కొబ్బరిపీచూ వేసి, మట్టి తగలనీయకుండా చూరుకు వేలాడదీసింది. చెట్టు రసం తాగే మొక్క ఇంటినీ తాగుతుందని వీధివాళ్లు గొణిగారు. నిజానికది చెట్టు మీద ఊరికే కూర్చొని, గాలినీ వాననీ నమ్ముకొని బతుకుతుంది. కొన్నేళ్లకు ఆకులు మూరెడు సాగి, జానెడు మొగ్గల గుత్తి దిగింది. ఏ రంగు పూస్తుందో చూడాలని పెద్దమ్మ చిన్నపిల్లలా కాచుకొని ఉండేది.

ఇంతలో ఒక బైరాగి వచ్చి, బదనిక వేరు నడుముకు కడితే కడుపు పండుతుందన్నాడు. పిల్లలు లేని చిన్నమ్మ కోసం మా బాపమ్మ, నాన్నను కన్నతల్లి, కొడవలి అందుకొంది. పెద్దమ్మ ముఖమే అపశకునమన్న ఆడవాళ్లు బాపమ్మ వెనుక, వేర్ల కోసం కొంగులు పట్టుకొని నిలబడ్డారు.

"జర నాలుగు దినాలు ఆగు అత్తా, పువ్వు పూసినంక తీస్కపోండ్రి," అని పెద్దమ్మ బతిమాలింది.

"ముండమోసినదానికి పువ్వుతోని ఏం పని?" అంది బాపమ్మ.

"నా మొఖం చూస్తెనే మీకు కీడాయె. మరి నా చేతుల పెరిగిన వేరు నడుముకెట్ల కట్టుకుంటరు?"

"మందుకు మైల లేదులే వదినె," అని పక్కింటావిడ నవ్వింది. కొడవలి ఆగలేదు. వేర్లు కొంగుల్లోకి పోయాయి. మొగ్గలు ఎవరికీ అక్కరలేదు గనుక మురికికాలువలో పడ్డాయి.

చిన్నమ్మకు పిల్లలు పుట్టలేదు. వేరు కట్టుకొన్నవాళ్లలో ఎవరో ఒకామెకు కొడుకు పుట్టాడు. ఆ ఒక్కడు చాలు, బైరాగి మహిమ ఊరంతా పాకడానికి.

తరువాత మూఢనమ్మకాల మీద ఎన్ని సభల్లో ఎందరి వాదాలు విన్నానో గాని, పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు సాటి వచ్చేది వినలేదు. ఇప్పుడు భర్త పోయిన స్త్రీలు తలలో పూలు పెట్టుకొని పెళ్లిళ్లలో ముందు వరుసలో కూర్చొంటుంటే చూడముచ్చటగా ఉంటుంది. పెద్దమ్మ మాత్రం ఆ పువ్వు తెలుపో ఊదాయో తెలియకుండానే వెళ్లిపోయింది.