ప్యానళ్లకు పెట్టిన బొట్టు

మా ముత్తాతగారు గోదావరి జిల్లాలో ఒక ఊరంతటికీ కరెంటిచ్చిన మనిషి. లైసెన్సు ఆయనది, ఇంజన్లు ఆయనవి, స్తంభాలు ఆయనవి. స్తంభాల మీద వాలే కాకులు మాత్రం ప్రభుత్వానివి అనేవారట. సాయంత్రం ఆయన స్నానం ముగించి తలూపితే గాని ఊళ్లో దీపం వెలిగేది కాదు. ఆయన తరవాత మా తాతగారు. ఊరంతా ‘ఇంజను బాబుగారు’ అని పిలిచేది. దసరాకి పవర్‌హౌసులో ప్రతి ఇంజనుకీ తన చేత్తో పసుపు పట్టె వేసి, నడిమధ్యన రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు పెట్టేవారు. ఆ తరవాత ప్రభుత్వం వచ్చి పవర్‌హౌసు పుచ్చుకుంది, ఇంజన్లు పాత ఇనప సామాన్ల కొట్టుకి వెళ్లిపోయాయి, మా నాన్నగారు కరెంటు బిల్లు కట్టడానికి క్యూలో నిలబడ్డారు. (నిలబడ్డారు గాని వంగలేదు. వంగని వెన్నుపూస ఒక్కటే మా వంశంలో జప్తు కాకుండా మిగిలిన ఆస్తి.)

ఆ రోజుల్లో, అంటే నేను పెళ్లికాకుండా ఫ్రిస్కోలో ఉద్యోగం చేసుకుంటున్న రోజుల్లో, ఆ వెన్నుపూస నాలో మరీ నిటారుగా ఉండేది. చుట్టూ ఉన్న మనవాళ్లంటే నాకు వల్లమాలిన చులకన. ఒకే రంగు ఇళ్లు, ఒకే రకం కార్లు, శనివారం అయితే ఒకరింటికొకరు వెళ్లి అదే బిర్యానీ తింటూ గ్రీన్‌కార్డు గురించి అవే మాటలు. వీళ్లెవరూ చేయని పని ఏదైనా చేయాలని నేనొక పాత పికప్ ట్రక్కు కొని, దాని వెనక తొట్టిలో కూర్చునే క్యాంపర్ పెట్టె ఒకటి కొన్నాను. గదంత పెట్టె అది. మంచం, చిన్న వంటగట్టు, ఫ్రిడ్జి అన్నీ అందులోనే. దాని మీద సోలార్ ప్యానళ్లు, లోపల బ్యాటరీలు పెట్టి, ఎవడి తీగా తగిలించుకోకుండా నా కరెంటు నేనే పుట్టించుకోవాలని సంకల్పం. తాతగారి తరవాత వంశంలో మళ్లీ పవర్‌హౌసు పెట్టినవాణ్ని నేనే అవుతానన్నది అసలు సంగతి. అది పైకి చెప్పలేదు. (మా షామ్‌బర్గ్ అత్తయ్యకి మాత్రం ఫోనులో చెప్పాను, అంటే ఇల్లినాయ్‌లో ఉన్న తెలుగువాళ్లందరికీ చెప్పినట్టే.)

నా రూమ్మేట్‌ది కరీంనగర్. ఏ వస్తువు కొన్నా కూడా వచ్చే మాన్యువల్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే మనిషి కాబట్టి నేను వాడికి ‘మాన్యువల్’ అని పేరు పెట్టాను. వంశంలో ఇంజను లేనివాళ్లకు పుస్తకమే గతి అని నా అభిప్రాయం. మూడు ప్యానళ్లనూ వరసగా ఒకదానికొకటి కలిపాం, ఎండ కరెంటుని బ్యాటరీలకి సరిపడా పంపే కంట్రోలర్ బిగించాం, బ్యాటరీలు మంచం కింద పెట్టాం, వాటి కరెంటుని ఇంటి కరెంటులా మార్చే ఇన్వర్టర్ ఒకటి పక్కన పెట్టాం. ‘మేం’ అంటున్నాను గాని, బిగించింది వాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని పర్యవేక్షించాను. కంట్రోలర్ మీద అంకెలు చకచకా పెరుగుతుంటే వాడు మురిసిపోయి, “అన్నా, మస్తు చార్జ్ అయితుంది. రోజూ ఓసారి ఈ మీటర్ చూస్కో, బ్యాటరీ ఎంతున్నదో తెలుస్తది” అన్నాడు. “మీటరు చూసుకోవడం బిల్లు కట్టేవాళ్ల పని” అన్నాను నేను.

ఇంతలో అత్తయ్య ఒక సంబంధం తెచ్చింది. అమ్మాయి ఆస్టిన్‌లో ఉద్యోగం, ఇక్కడే పుట్టి పెరిగింది, వారాంతం వస్తే కొండలెక్కుతుంది. “నీ డబ్బా బండి సంగతి చెప్తే నవ్వుతుందనుకున్నానురా, తెగ ఇష్టపడింది. కానీ రెస్టారెంట్లో కూర్చుని ఇంటర్వ్యూలా మాట్లాడుకోవడం తనకి ఇష్టం లేదట. వాళ్ల నాన్నని తీసుకుని ఏదో పార్కుకి వస్తుంది, నువ్వు నీ బండేసుకుని రా” అంది. అంతకు ముందు నాలుగు సంబంధాలు నన్ను చూసి వద్దన్నాయి. (పొగరన్నారట. నిటారుగా కూర్చుంటే పొగరా?) ఈ అమ్మాయి ఫోటో చూశాక మాత్రం ఐదోసారి ఆ మాట వినడానికి నా మనసు ఒప్పుకోలేదు. “మధ్యాహ్నం భోజనం నాదే అత్తయ్యా, పూర్తిగా ఎండతోనే వండి పెడతానని చెప్పు” అన్నాను. పెసరట్లు, అల్లం పచ్చడి, ఫిల్టర్ కాఫీ అని మెనూ కూడా చెప్పించాను. మాన్యువల్ ఒక చిన్న గ్యాస్ స్టవ్ కూడా వెంట పెట్టుకుందామన్నాడు. తన ఇంజను మీద నమ్మకం లేనివాడు పక్కన లాంతరు పెట్టుకుంటాడని మా తాతగారు అనేవారు. ఆ మాటే వాడి మొహాన కొట్టాను.

ప్రయాణానికి వారం ముందు, మంచి రోజు చూసి, నేనొక్కణ్నే నిచ్చెన వేసుకుని బండి ఎక్కాను. శుభకార్యానికి వెళ్లే యంత్రం బోసి మొహంతో వెళ్లకూడదు. అయితే హైవే మీద గాలికి పసుపు, కుంకుమ నిలుస్తాయా? నిలవవు. అందుకని హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి, ఎండకీ వానకీ చెక్కుచెదరదని డబ్బా మీద రాసివున్న పెయింట్ పసుపు ఒకటి, ఎరుపు ఒకటి కొని తెచ్చాను. ఒక్కో ప్యానల్‌కి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా జానెడు వెడల్పు పసుపు పట్టె, నడిమధ్యన సాసరంత ఎర్ర బొట్టు. కిందికి దిగి చూస్తే కళ్లు చెమర్చాయి. ఆ వారమంతా ఫ్రిడ్జిలో పెసరపిండీ పాలూ చల్లగా ఉన్నాయి. మీటరు వైపు నేను కన్నెత్తి చూడలేదు.

పార్కులో ఆ రోజు గుడ్లు ఉడికే ఎండ. పొడి గాలులని కట్టెలు రాజేయడం నిషేధించి బోర్డులు కూడా పెట్టారు. పెళ్లిచూపులకి ఒంటరిగా వెళ్లకూడదు కాబట్టి మాన్యువల్‌ని వెంట తెచ్చుకున్నాను. అమ్మాయి టోపీ పెట్టుకుని, బూట్ల నిండా దుమ్ముతో వచ్చి “హాయ్ అండి” అంది. వాళ్ల నాన్నగారు మడత కుర్చీలో కూర్చుని, “బాబూ, పొద్దున్నించి దారిలో కాఫీ తాగలేదు. నీ కాఫీ గురించి మీ అత్తయ్య అంత చెప్పాక ఆ గ్యాస్ స్టేషన్ నీళ్లు ఎవడు తాగుతాడు?” అన్నారు. “రెండు నిమిషాలు అంకుల్” అన్నాను. ముందు పచ్చడి ముగిద్దామని, ఇండియా మిక్సీని, ఇక్కడి కరెంటుని మన మిక్సీకి సరిపడా పెంచే కన్వర్టర్‌కి తగిలించి మీట తిప్పాను. మిక్సీ ‘గుర్’ మంది, గొంతు పట్టినట్టు ఆగింది. ఇన్వర్టర్ కీచుమని అరిచింది. ఫ్రిడ్జి లైటు ఆరిపోయింది.

నేను వెంటనే బ్యాటరీలు చేసినవాణ్ని తిట్టాను. తరవాత వైర్లు అమ్మినవాణ్ని, మన మిక్సీకి సరిపోని ఈ దేశపు కరెంటుని, చివరికి సూర్యుణ్ని కూడా వదల్లేదు. మాన్యువల్ లోపలికి వెళ్లి కంట్రోలర్ చూసి, “అన్నా, పైనుంచి కరెంట్ అస్సలు వస్తలే. ఇంత ఎండలనా?” అంటూ నిచ్చెనెక్కాడు. పైనుంచి “అన్నో! ఇదేందన్నా? ప్యానళ్లకి బొట్లు వెట్టినవా?” అని కేక.

అమ్మాయి చకచకా నిచ్చెనెక్కి చూసింది. “డాడీ, కమ్ సీ దిస్! పెయింట్! మీరు సోలార్ ప్యానల్‌కి పెయింట్ వేసారా? సీరియస్‌గా?”

“అది మా ఆచారం” అన్నాను కింద నుంచి, తల ఎత్తకుండా. “మా తాతగారు ఇంజన్లకి…”

“ఇంజన్ నల్లగున్నా నడుస్తదన్నా,” అన్నాడు మాన్యువల్. “గిది ఎండ తాగాలె. మూడూ వరసల కలిపినం, ఒక్కదానికి అడ్డమొస్తెనే మొత్తం పడిపోతది. నువ్వు మూడింటికీ అడ్డంగ గీస్తివి.”

అంకుల్ కుర్చీలోనే కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. “దిష్టి తగలకుండా పెట్టావనుకున్నా బాబూ, కరెంటే తగలకుండా పెట్టావు!”

గోకేద్దామన్నాడు మాన్యువల్. నేను ఒప్పుకోలేదు. “పెట్టిన బొట్టు మా ఇంట్లో చెరపరు. అందులో ఇవాళ, ఈ పని మీద వచ్చి…” అని ఆగిపోయాను. ఏ పని మీద వచ్చామో అందరికీ తెలుసు. నలుగురం ఆకలితో ఆ ఎండలో మాడుతున్నాం. అంకుల్ నవ్వడం మానేసి వాచీ చూసుకున్నారు. “దారిలో ఏదో టాకో షాపుంది తల్లీ, వెళ్దామా మరి?” అన్నారు కూతురితో. ఆ ‘మరి’లో నాకు ఐదో సంబంధం వెళ్లిపోతున్న చప్పుడు స్పష్టంగా వినపడింది. కరెంటు కంపెనీ పోయింది, ఇంజన్లు పోయాయి, ఈ మూడు బొట్లు కూడా నా నోటితో నేనే తీసేయమనాలా?

అమ్మాయి పైనుంచి నావైపు తిరిగింది. తరవాత చెయ్యి చాపి, “మీ దగ్గర అట్లకాడ ఉందా?” అంది.

“ఎందుకు?”

“మీ ఇంట్లో చెరపరు, ఓకే. మీరు చెరపకండి. నేను మీ ఇంటి మనిషిని కాదు కదా ఇంకా.”

ఆ చివరి మాట అని, తనే తడబడి, టోపీ కిందికి లాక్కుంది. వాళ్ల నాన్నగారు టాకోల సంగతి మళ్లీ ఎత్తలేదు; పక్కకి తిరిగి చెట్లని శ్రద్ధగా చూడసాగారు. నేను లోపలికి వెళ్లి అట్లకాడ తెచ్చి ఇచ్చాను. ఆమె మోకాళ్ల మీద కూర్చుని గోకడం మొదలుపెట్టింది. చెక్కుచెదరదని డబ్బా మీద రాసింది అబద్ధం కాదు. చెమటలు కారుతున్నాయి గాని పసుపు కదలడం లేదు. వంశగౌరవంతో కింద నిటారుగా నిలబడి పరాయి ఆడపిల్ల చేత చాకిరీ చేయించుకోవడం మా తాతగారికి కూడా నచ్చేది కాదని కాసేపటికి నాకు తోచింది. రెండో అట్లకాడ తీసుకుని నేనూ ఎక్కాను. అక్కడ గోకాలంటే పూర్తిగా వంగక తప్పదు.

“మెల్లిగా గోకండమ్మా, గాజు మీద గీతలు పడతాయి!” అని కింద నుంచి అంకుల్. “వస్తుందన్నా, వస్తుంది, ఇంకా గోకుండ్రి!” అని లోపల మీటరు దగ్గర నుంచి మాన్యువల్. చివరికి సాయంత్రం నీడలు సాగేవేళకి పెసరట్లు పడ్డాయి. పచ్చడి బరకగా వచ్చింది. అంకుల్ కాఫీ ఒక గుక్క తాగి, “కాఫీ పర్వాలేదు” అన్నారు. ఆ ఇంట్లో అది పెద్ద మెప్పు అని పెళ్లయ్యాక తెలిసింది.

ఇప్పటికీ మనవాళ్ల శనివారపు బిర్యానీలంటే నాకు చులకనే. కాకపోతే వెళ్లి తింటున్నాను, గ్రీన్‌కార్డు గురించి మాట్లాడుతున్నాను కూడా. ఎవరైనా కుర్రవాడు తన ఇంటి గొప్పలు చెబుతూ సోఫాలో బిర్రుగా కూర్చుంటే, నా భార్య దూరం నుంచి నావైపు చూసి కనుబొమ్మ ఎగరేస్తుంది. ఆ ఎండలో తల ఎత్తకుండా నిలబడిన ఆ బడాయి మనిషి గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడు కొంచెం దగ్గరి చుట్టంలాగే అనిపిస్తాడు, పూర్తిగా పరాయివాడు కాడు.

పాప పుట్టాక ఆ పికప్‌లో కార్‌సీటు పట్టలేదు. పోయిన వేసవిలో ట్రక్కునీ, క్యాంపర్‌నీ, ప్యానళ్లు, బ్యాటరీలతో సహా, డెంటన్ దగ్గర ఉండే ఒక రిటైరైన దంపతులకి అమ్మేశాం.